1985 దగ్గర ఆగిపోయినవాళ్లు



బొమ్మలు కొనుక్కునే పెద్దవాళ్ల గురించి ఈ పూట నాలుగు మాటలు చెప్తాను. పిల్లలకు కొనిపెట్టేవాళ్ల గురించి కాదు. తమ కోసం తామే, అదీ పాతవి, రంగు వెలిసినవి, చెయ్యి వదులైనవి వెతికి మరీ కొనుక్కునేవాళ్ల గురించి. వాళ్లలో నేనూ ఒకణ్ణి. కాబట్టి నా మాటల్లో కొంత పక్షపాతం తప్పదు. ఆ మేరకు తగ్గించుకుని వినండి.

ఏ బొమ్మలంటారా? కొండపల్లివీ కావు, ఏటికొప్పాకవీ కావు. ప్లాస్టిక్‌వి. బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా చాపితే అందులో సగం ఉండే సైనికులు, అంతరిక్ష యోధులు, ముసుగు దొంగలు. కాళ్లూ చేతులూ కదులుతాయి. చేతిలో ఓ తుపాకి ఉంటుంది, లేదా ఉండేది. యాక్షన్ ఫిగర్లు అని షాపులవాళ్లు అంటారు. మేం చిన్నప్పుడు జీ.ఐ. జో బొమ్మలు, హీ-మ్యాన్ బొమ్మలు అనేవాళ్లం.

ఈ కథ మొదలైంది అమెరికాలో. 1964లో హాస్‌బ్రో కంపెనీ జీ.ఐ. జో పేరుతో పన్నెండు అంగుళాల సైనికుణ్ణి బజారులోకి దింపింది. బట్టలు మార్చొచ్చు, కీళ్లు వంచొచ్చు. బాగానే అమ్ముడుపోయింది. కానీ నేను చెప్పబోయే పిచ్చి ముదిరింది మాత్రం 1977లో. ఆ ఏడు మే నెలలో స్టార్ వార్స్ సినిమా వచ్చింది. దాని బొమ్మలు చేసే హక్కు సిన్సినాటి నగరంలోని కెన్నర్ అనే కంపెనీకి దొరికింది. సినిమా అంతలా ఆడుతుందని ఎవరూ అనుకోలేదు, బొమ్మలు సిద్ధం చేయలేదు. క్రిస్మస్ ముంచుకొచ్చింది. పిల్లలు బొమ్మ కావాలంటున్నారు, బొమ్మ లేదు. కెన్నర్‌వాళ్లు ఏం చేశారో తెలుసా? రంగురంగుల అట్టలో ఒక కాగితం పెట్టి అమ్మారు. ఆ కాగితం నింపి పోస్టులో పంపితే వచ్చే ఏడాది నాలుగు బొమ్మలు ఇంటికొస్తాయని దాని సారాంశం. పండగ పూట చెట్టు కింద పిల్లవాడికి దక్కింది ఓ హామీ పత్రం! అయినా జనం కొన్నారు. 1978 మొదట్లో ఆ సినిమా పాత్రలు నాలుగు పోస్టులో వచ్చాయి: ల్యూక్, లియా, చ్యూబాకా, ఆర్‌టూ-డీటూ.

ఆ బొమ్మల ఎత్తు మూడు ముప్పావు అంగుళాలు. అంత చిన్నవి ఎందుకంటే, సినిమాలో అంతరిక్ష నౌకలున్నాయి. పన్నెండు అంగుళాల మనిషి కూర్చునే నౌక చేస్తే అది ఇంట్లో పట్టదు, దాని ధర జేబులో పట్టదు. చిన్న మనిషిని చేస్తే నౌకనూ అమ్ముకోవచ్చు. వ్యాపార లెక్కలోంచి పుట్టిన ఆ కొలతే తర్వాత వచ్చిన బొమ్మల్లో చాలావాటికి ప్రమాణమైంది.

నిజం చెప్పాలంటే అవి గొప్ప బొమ్మలేం కావు. కదిలే చోట్లు అయిదే: మెడ, రెండు భుజాలు, రెండు తుంట్లు. మోచెయ్యి వంగదు, మోకాలు వంగదు. కూర్చోబెడితే రెండు కాళ్లూ ముందుకు చాచి, మంచం మీద కూర్చున్న రోగిలా ఉంటుంది. ముఖాలు ఆ నటుల ముఖాల్లా ఉండవు. హాన్ సోలో అనే పాత్ర బొమ్మ తల ముందు మరీ చిన్నదిగా చేసి, తర్వాత పెద్దది చేశారు. రెండూ ఆ నటుడికి దూరపు చుట్టాల్లాగానే ఉన్నాయి. 1978 నుంచి 1985 దాకా కెన్నర్ చేసిన ఆ రకాలన్నీ కలిపినా వందకు అటూఇటూగానే. 1985 తర్వాత సినిమా వేడి చల్లారింది, బొమ్మలు ఆగిపోయాయి. జాబితా అక్కడితో మూసుకుంది.

ఇది గుర్తుపెట్టుకోండి. నా వాదనంతా ఈ మూతపడిన జాబితా మీదే ఆధారపడి ఉంది.

ఎందుకంటే ఆ బొమ్మలు తర్వాత మళ్లీ వచ్చాయి. 1995లో మొదలై ఇప్పటిదాకా ఆగకుండా వస్తూనే ఉన్నాయి. కెన్నర్‌ను కలుపుకున్న హాస్‌బ్రో వాటిని చేస్తోంది. ఇప్పటి బొమ్మల్లో కీళ్లు లెక్కపెట్టాలంటే ఓపిక కావాలి. మణికట్టు తిరుగుతుంది, చీలమండ వంగుతుంది, ముఖం నటుడి ముఖాన్ని స్కాన్ చేసి అచ్చు వేసినట్టు ఉంటుంది. ఏ లెక్కన చూసినా పాతదాని కంటే మేలైన సరుకు. మరి పాతదాన్ని పట్టుకుని వేళ్లాడేవాళ్లకు బుద్ధి లేదా అంటే, ఉందనే నేనంటాను. కొత్త వరసకు చివర లేదు. ఒకే పాత్ర ఏటేటా కొత్త చొక్కాతో వస్తుంది. వాటన్నిటి వెంటా పడేవాడు కంపెనీకి నెలనెలా కిస్తీ కడుతున్నవాడితో సమానం. పాతదాన్ని నమ్ముకున్నవాడికి ఓ గట్టు ఉంది. "1985 తర్వాతది నాకొద్దు" అని ఒక్క మాట అనుకుంటే సగం కోరికలు ఆ పూటే తీరిపోయినట్టే. బయటివాళ్లకు మొండితనంగా కనపడే ఆ మాటే అతని జేబునూ ఇంటి గోడలనూ కాపాడుతోంది.

కంపెనీలకు ఈ గట్టు సంగతి తెలుసు. అందుకే గట్టు దాటించడానికి తంటాలు పడుతుంటాయి. 2019లో హాస్‌బ్రో రెట్రో కలెక్షన్ అని తెచ్చింది. పాత కెన్నర్ పద్ధతిలోనే అయిదు కీళ్లు, పాత అట్టలాంటి అట్ట. ఆ అట్ట అంచులు నలిగినట్టు, గీతలు పడినట్టు కూడా అచ్చు వేశారు! వాడకపోయినా వాడినట్టు కనపడాలట. మాటెల్ కంపెనీ 2020లో హీ-మ్యాన్‌ను పాత రూపంలోనే ఎక్కువ కీళ్లతో ఆరిజిన్స్ పేరిట మళ్లీ దింపింది. ఇవి చెడ్డవని అనను. పిల్లవాడికి కొనిపెట్టాలంటే నేనూ వాటినే కొంటాను. నా అలమరలోకి మాత్రం రానివ్వను. నలిగిన అట్ట కావాలంటే దాన్ని ఎవరో ఒకరు నలపాలి గదా.

ఇక మన సంగతికి వద్దాం. స్టార్ వార్స్ బొమ్మలు మా చిన్నప్పుడు మాకు అందలేదు. విదేశాల్లో చుట్టాలున్న ఇళ్లలో ఒకటీ అరా కనపడేవేమో. మాకు అందినవి రెండు. ఒకటి జీ.ఐ. జో, రెండోది హీ-మ్యాన్.

జీ.ఐ. జోను హాస్‌బ్రో 1982లో మళ్లీ పుట్టించింది, ఈసారి మూడు ముప్పావు అంగుళాల కొలతలోనే. ఒక్కో సైనికుడికీ ఒక పేరు, ఓ నైపుణ్యం, ఓ గతం. అట్ట వెనక చిన్న జీవితచరిత్ర ఉండేది, కత్తిరించి దాచుకోవచ్చు. వాటిని రాసింది లారీ హామా అనే ఆయన. వియత్నాం యుద్ధ కాలంలో సైన్యంలో పనిచేసినవాడు, మార్వెల్ కోసం జీ.ఐ. జో కామిక్స్ కూడా రాశాడు. పది వాక్యాల్లో ఓ ప్లాస్టిక్ ముక్కకు మనిషితనం తెచ్చేవాడు. ఆ మొదటి జట్టులో స్నేక్ ఐస్ అని ఒకడున్నాడు. పూర్తిగా నలుపు, ముఖం కనపడదు, ఒంటిమీద ఒక్క చుక్క రంగు లేదు. రంగు ఖర్చు మిగుల్చుకోవడానికి అలా చేశారు. జట్టులో అందరికంటే చవకగా తయారైన ఆ బొమ్మే చివరికి అందరికంటే ఎక్కువ మంది ప్రేమించిన బొమ్మ అయింది. ముఖం లేకపోతే పిల్లలు ఏ ముఖమైనా ఊహించుకుంటారు మరి.

మన దేశంలో ఆ బొమ్మల్ని చేసింది ఫన్‌స్కూల్. టైర్ల కంపెనీ ఎమ్‌ఆర్‌ఎఫ్, హాస్‌బ్రో కలిసి 1987లో పెట్టిన సంస్థ అది, ఫ్యాక్టరీ గోవాలో. అమెరికాలో వాడేసిన అచ్చులు ఇక్కడికి వచ్చి మళ్లీ పనిలో పడేవి. అచ్చు అదే గానీ రంగులు మాత్రం ఇక్కడివాళ్ల ఇష్టం. అక్కడ ముదురు ఆకుపచ్చ వేసుకున్న సైనికుడు ఇక్కడికొచ్చేసరికి పసుపుపచ్చ చొక్కాలో దిగేవాడు. ఒకడి తల, మరొకడి మొండెం, ఇంకొకడి కాళ్లు కలిపి కొత్త పేరుతో కొత్త మనిషిని నిలబెట్టేవాళ్లు. మాకది తెలియదు గాబట్టి, అసలైన రంగు అదేనని నమ్మాం. ఇప్పుడు అమెరికాలోని కలెక్టర్లు ఇండియా రంగుల బొమ్మల కోసం ఎగబడుతున్నారు. వాళ్ల దేశంలో ఎన్నడూ దొరకని రంగులు గదా. మా వీధి చివర ఫ్యాన్సీ షాపులో దారానికి వేలాడిన సరుకు అక్కడ ప్రత్యేకమైన అర ఎక్కింది. చెప్పొద్దూ, కొంచెం గర్వంగానే ఉంటుంది.

హీ-మ్యాన్‌ది మరో దారి. మాటెల్ 1982లో చేసింది. మన దగ్గర లియో అనే బ్రాండు మీద వచ్చింది. దూరదర్శన్‌లో హీ-మ్యాన్ కార్టూన్ వస్తున్న రోజులు అవి. నడుం పక్కకు తిప్పి వదిలితే లోపలి స్ప్రింగు జోరుకు తిరిగొచ్చి గుద్దేది. ఒక్క సంగతి మాత్రం ఇప్పటికీ నాకు అబ్బురమే. హీ-మ్యాన్ కత్తికి ఓ వైపు చదునుగా ఉంటుంది. అది సగం కత్తే. మిగతా సగం స్కెలెటర్ దగ్గర ఉంటుంది, అంటే శత్రువు బొమ్మతో వస్తుంది. రెండు సగాలు నొక్కితే ఒక్క కత్తి అవుతుంది. రెండో బొమ్మ కూడా కొనిపించడానికి పన్నిన ఎత్తే అది, అందులో అనుమానం లేదు. కానీ మా ఎదురింటి కుర్రాడి దగ్గర స్కెలెటర్, నా దగ్గర హీ-మ్యాన్. కత్తి పూర్తి కావాలంటే ఇద్దరం ఒక అరుగు మీద కూర్చోవాల్సిందే. ఎంత తగాదాలో ఉన్నా సరే.

ఇప్పుడు మరమ్మతు సంగతి చెప్తాను. పాత బొమ్మ మీద మనసుందో లేదో తేలేది అక్కడే. కొనేటప్పుడు అందరికీ ఉత్సాహమే.

నా ముందు బల్ల మీద ఓ జీ.ఐ. జో ఉన్నాడు. రేడియో గాబట్టి మీకు కనపడడు, నేనే చెప్పాలి. నడుం దగ్గర రెండు ముక్కలైపోయాడు. పైభాగం ఓ పక్క, కాళ్లు ఓ పక్క. ఎవరూ విరవలేదు. లోపల ఓ నల్లటి రబ్బరు రింగు ఉంటుంది. పై సగాన్నీ కింది సగాన్నీ బిగబట్టి ఉంచేది అదే. ఇన్నేళ్లకు ఆ రబ్బరు ఎండి పుటుక్కున తెగింది. మన ఎండలకు ఇంకా త్వరగా తెగుతుంది; బెజవాడ వేసవిలో రేకుల కింద అటక మీద పెట్టినది పదేళ్లు నిలిచినా గొప్పే. వీపు మీద ఒకే ఒక స్క్రూ. సన్నటి ప్లస్ స్క్రూడ్రైవర్‌తో విప్పితే వీపు పలక ఊడొస్తుంది. రెండు చేతులూ జారిపోతాయి, తల దొర్లిపోతుంది, కాబట్టి కింద తెల్ల గుడ్డ పరుచుకోవాలి. కాళ్లను కలిపే ఇనుప కొక్కెం ఒకటి ఉంటుంది. కొత్త రింగును దానికి తగిలించి, నడుం ముక్కలోంచి పైకి లాగి, రొమ్ములో స్క్రూ దిగే గుబ్బకు వెయ్యాలి. తల, చేతులు వాటి గుంటల్లో కూర్చోబెట్టి పలక మూసి స్క్రూ తిప్పాలి. ఎక్కువ బిగిస్తే ప్లాస్టిక్ చీలుతుంది. స్క్రూ ఆగిందనిపించగానే మనమూ ఆగాలి. రింగు మరీ లావుదైతే నడుం కదలదు, సన్నదైతే తాగినవాడిలా తూలుతుంది. నా రింగులు నేను మోటారు సామాన్ల కొట్టులో తెచ్చుకుంటాను. ఎందుకని కొట్టాయన అడిగితే పంపుకోసమని చెప్తాను. అబద్ధమే, కానీ నిజం చెప్తే బేరం ఆలస్యమవుతుంది.

రింగు మారిస్తే అది పాత బొమ్మేనా? కలెక్టర్లలో ఎవరూ కాదనరు. రింగు కనపడదు, అది అరిగేందుకే పెట్టిన భాగం. మరి తుపాకి మారిస్తే? అక్కడ తగాదా మొదలవుతుంది. పాత తుపాకులు పోయాయి. అవి గోరంత ఉంటాయి, పోకపోతే ఆశ్చర్యం. ఇప్పుడు నకిలీ తుపాకులు అచ్చుగుద్దినట్టు చేసి అమ్ముతున్నారు. కెన్నర్ అసలు తుపాకి నీళ్లలో వేస్తే తేలుతుందనీ, నకిలీది మునుగుతుందనీ ఓ పరీక్ష ప్రచారంలో ఉంది. దాన్ని పూర్తిగా నమ్మడానికి లేదు. తేలే నకిలీలూ వచ్చాయి. నా మటుకు నాకు ఖాళీ చెయ్యి అభ్యంతరం కాదు. తుపాకి పోగొట్టుకున్నవాడు ఓ పిల్లవాడు. వాడు ఆడాడని రుజువు అది. నకిలీది పెట్టి ఆ సంగతి కప్పెయ్యడం నాకు నచ్చదు.

నకిలీ గొడవకు పరాకాష్ఠ స్టార్ వార్స్‌లోని జావా అనే మరుగుజ్జు బొమ్మ. 1978లో కెన్నర్ దానికి మొదట ప్లాస్టిక్ కండువా వేసింది. ఇంత చిన్న బొమ్మ, పైగా చవకగా కనపడుతోందని కొద్దికాలానికే గుడ్డ అంగీ వేశారు. బొమ్మ అదే. గుడ్డ అంగీ వేసుకున్నది అందరి దగ్గరా ఉంటుంది. ప్లాస్టిక్ కండువాది వేల డాలర్లు. దాంతో మరో బొమ్మ అయిన బెన్ కెనోబీ కండువా కత్తిరించి జావాకు తొడిగి అమ్మినవాళ్లు బయల్దేరారు. చవక సరుకని కంపెనీయే మార్చేసిన దాని కోసం ఇంత మోసం.

తెల్ల బొమ్మలకు ఇంకో జబ్బు. స్టార్ వార్స్‌లోని స్టార్మ్ ట్రూపర్ లాంటివి ఏళ్లు గడిచేకొద్దీ పాతకాలపు కంప్యూటర్ డబ్బాల్లా పచ్చబడతాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ముంచి ఎండలో పెడితే తెల్లబడతాయి. నేనూ చూశాను, కళ్లు చెదిరేలా తెల్లబడింది. కానీ ఆ తెలుపు నిలవదు, మెల్లగా మళ్లీ పసుపు తిరుగుతుంది. ఎక్కువసేపు పెడితే ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. పచ్చబడితే పచ్చబడనివ్వండి. మనకు జుట్టు తెల్లబడలేదా!

పెట్టె విప్పనివాళ్ల గురించి కూడా చెప్పాలి. అట్టకు అంటించిన ప్లాస్టిక్ బుడగలో బొమ్మ అలాగే ఉండాలి, ఎవరూ తాకి ఉండకూడదు. దాన్ని మందపాటి అద్దంలాంటి పెట్టెలో బిగించి, ఇంతకింత మార్కులని చీటీ అంటించే సంస్థలున్నాయి. ధరలు ఆకాశంలో. 2024లో స్టార్ వార్స్‌లోని బోబా ఫెట్ బొమ్మ నమూనా ఒకటి హెరిటేజ్ వేలంలో 5 లక్షల 25 వేల డాలర్లు పలికింది. దాని వీపు మీది రాకెట్టు ఎగిరి దూసుకుపోయేలా చేశారు. పోస్టులో తెప్పించుకోండని పిల్లలకు 1979లో ఆశ పెట్టారు కూడా. అదే కాలంలో వేరే కంపెనీ బొమ్మ తాలూకు చిన్న క్షిపణి ఓ పిల్లవాడి గొంతులో ఇరుక్కుని ప్రాణం తీసింది. దాంతో రాకెట్టు కదలకుండా అతికించేసి పంపారు. రాకెట్టు ఎగిరే నమూనా ఒక్కటి కూడా అంగడికి రాలేదు. ఏ పిల్లవాడూ ఆడని బొమ్మకు అంత ధర! వాళ్ల సరదా వాళ్లది, డబ్బు వాళ్లది. దాన్ని చిన్ననాటి బొమ్మ మీద మమకారం అంటే మాత్రం నేను ఒప్పుకోను. షేర్లు కొన్నవాణ్ణి ఎవరూ కాగితాల ప్రేమికుడు అనరు గదా.

పోగుచెయ్యడంలోనూ ఒక హద్దు మంచిది. కాలిఫోర్నియాలో పెటలూమా దగ్గర స్టీవ్ శాన్‌స్వీట్ అనే పెద్దాయన స్టార్ వార్స్ సామాన్లతో రాంచో ఓబీ-వాన్ అనే మ్యూజియమే నడిపాడు. గిన్నిస్‌వాళ్లు 90 వేలకు పైగా లెక్కగట్టారు. అంత సంపదలోంచి స్నేహితుడిగా ఇంట్లో తిరిగినవాడే వందకు పైగా వస్తువులు ఎత్తుకుపోయాడని 2017లో ఆయన స్వయంగా ప్రకటించాడు. 90 వేలలో ఏది పోయిందో కనిపెట్టడమే ఒక ఉద్యోగం. నా అలమరలో ఏది కదిలినా దుమ్ములో గుర్తు పడుతుంది.

బొమ్మల్ని దాచే అలవాటు మనకు కొత్తదేం కాదు. సంక్రాంతికో దసరాకో బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో అమ్మమ్మ నాటి మట్టిబొమ్మ ముక్కు చెక్కుకుపోయినా మెట్టు మీద దాని చోటు దానిదే. ఏడాదికి ఒక కొత్త బొమ్మ చేర్చాలంటారు. నేను ఆ నియమం పాటించలేకపోతున్నాను. కానీ కొలువు బొమ్మలు పండగ అయ్యాక గుడ్డల్లో చుట్టుకుని పెట్టెలోకి వెళ్లిపోతాయి చూడండి, ఆ పద్ధతి నాకు నచ్చింది. నావీ అన్నీ ఒకేసారి బయట ఉండవు. మా ఇంట్లోవాళ్లతో కుదిరిన ఒప్పందంలో అది మొదటి షరతు.

ఇంటికొచ్చిన పిల్లలు అడిగితే ఇస్తారా అని అందరూ అడుగుతారు. ఇస్తాను. మోచెయ్యి ఎటు వంగుతుందో చూపించి ఇస్తాను. బొటనవేలు విరగ్గొట్టుకున్నవి కొన్ని ఉన్నాయి, జీ.ఐ. జోలకు అదో బలహీనత. తుపాకి దూర్చేటప్పుడు వేలు పుటుక్కుమంటుంది. ఇవ్వడానికి అవి పక్కనే ఉంచుకుంటాను. అంత ఉదారుణ్ణేం కాదు.

అమెరికాలో రోచెస్టర్ నగరంలోని స్ట్రాంగ్ మ్యూజియంలో బొమ్మలకు ఓ గౌరవ మందిరం ఉంది. జీ.ఐ. జో అందులోకి 2004లో చేరింది, స్టార్ వార్స్ బొమ్మలు 2012లో. 2022లో హీ-మ్యాన్ జట్టును చేర్చుకున్నారు. అదే ఏడు ఆ వరసలోనే బొంగరాన్ని కూడా చేర్చారు. హీ-మ్యాన్‌కు అప్పటికి నలభై ఏళ్లు. బొంగరానికి ఎన్ని వేల ఏళ్లో. అయినా పక్కపక్కన కూర్చోబెట్టారు. బొంగరం ఏమీ అనుకుని ఉండదు.

చివరగా, మీ అటక మీద ఇలాంటి పెట్టె ఏదైనా ఉందేమో. ఉంటే పాత సామాన్లవాడికి వేసేముందు ఓసారి చూడండి. కాలి వెనకో వీపు మీదో కంపెనీ పేరు, ఏడు, దేశం సన్నటి అక్షరాల్లో ఉంటాయి. కెన్నర్ బొమ్మ కాలి మీద జి.ఎమ్.ఎఫ్.జి.ఐ. అని ఉంటే భయపడకండి, అది అప్పట్లో కెన్నర్‌ను ఏలిన జనరల్ మిల్స్ తాలూకు పొడి అక్షరాలు. అవును, గోధుమపిండి అమ్మే ఆ కంపెనీయే. బొమ్మ ఒళ్లు జిగురుగా తగిలితే కంగారొద్దు; మెత్తటి ప్లాస్టిక్‌లోంచి నూనె ఊరుతోందని అర్థం. గోరువెచ్చటి నీళ్లూ కాస్త సబ్బూ చాలు. థిన్నరు, నెయిల్ పాలిష్ తుడిచే ద్రవం దగ్గరికి కూడా రానివ్వకండి, ముఖం మీది కళ్లు కూడా పోతాయి. బిగుసుకున్న కీలును బలవంతంగా తిప్పకండి. పీవీసీ సంచుల్లో కాక, కాటన్ గుడ్డలో చుట్టి నీడపట్టున పెట్టండి.

ఎంత పలుకుతుందని అడక్కండి. ఆడి అరిగినదానికి పెద్దగా ఏమీ రాదు. పెట్టె అడుగున దుమ్ములో గోరంత నల్ల తుపాకి ఏదైనా దొరికితే మాత్రం ఊడ్చి పారెయ్యకండి. బొమ్మ కంటే దానికే గిరాకీ ఎక్కువ.